55 గోబ్లిన్లు ఉన్నా ఎందుకు ఓడిపోతున్నారు?

ప్రశ్న: ఆదివారాలు నలుగురం కూర్చుని మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆటలో కమాండర్ అనే పద్ధతి ఆడతాం. క్రెంకో, మాబ్ బాస్ కమాండర్‌గా (మిగతా 99 కార్డుల బయట పక్కన పెట్టుకుని, మనా ఉన్నప్పుడు దింపే నాయకుడి కార్డు) నాకు గోబ్లిన్ డెక్ ఉంది. అందులో 30 మౌంటెన్ ల్యాండ్‌లు, 55 గోబ్లిన్లు, 14 ఇతర కార్డులు. ఐదారు టర్న్‌లకి బల్ల నిండా గోబ్లిన్లు ఉంటాయి. ఎవరో ఒకరు బోర్డ్ వైప్ (బల్ల మీది క్రీచర్లని, అంటే జీవుల కార్డులని, అన్నిటినీ తుడిచేసే కార్డు) వేస్తారు. ఆ తర్వాత టర్న్‌కో కార్డు తీసుకుంటూ ఆట అయ్యేదాకా చూస్తూ కూర్చుంటాను. థీమ్ డెక్ అంటే ఇంతేనని, గెలవాలంటే థీమ్ వదిలెయ్యమని ఫ్రెండ్స్ అంటున్నారు. థీమ్ వదలకుండా దారి ఉందా? థార్న్‌బైట్ స్టాఫ్ పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు, పెట్టాలా? కార్డులు ఎలా దాచుకోవాలో కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఓటమికి కారణం థీమ్ కాదు, లెక్క. మీ డెక్‌లో గోబ్లిన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టారు గానీ ఏ పని ఎన్ని కార్డులు చేస్తున్నాయో లెక్కపెట్టినట్టు లేదు. 55 మందిని పెళ్ళికి పిలిచి వంటవాణ్ణి పిలవడం మర్చిపోయినట్టుంది.

ముందు ల్యాండ్‌లు, అంటే మిగతా కార్డులు దింపడానికి కట్టాల్సిన మనాని ఇచ్చే కార్డులు, చూద్దాం. క్రెంకో ఖరీదు నాలుగు మనా. నలుగురు ఆడే ఆటలో మొదటి ఆటగాడు కూడా మొదటి టర్న్‌లో కార్డు తీసుకుంటాడు కాబట్టి, నాలుగో టర్న్‌కి ఎవరికైనా 11 కార్డులు వచ్చి ఉంటాయి. 99 కార్డుల్లో 36 ల్యాండ్‌లుంటే ఆ 11లో సగటున సరిగ్గా నాలుగు ల్యాండ్‌లు వస్తాయి. 30 ఉంటే మూడుంపావు, మహా అయితే కాస్త ఎక్కువ. అంటే మీ కమాండర్‌ని వేళకి దింపేందుకే మీ డెక్‌లో సరుకు లేదు.

మొదటి ఏడు కార్డుల సంగతి ఇంకా ఘోరం. 30 ల్యాండ్‌లతో, సున్నా గానీ ఒకే ఒక్క ల్యాండ్ గానీ ఉన్న చెయ్యి దాదాపు మూడుసార్లకి ఒకసారి వస్తుంది. 36తో ఐదుసార్లకి ఒకసారి. నలుగురి ఆటలో మొదటి మల్లిగన్ (చెయ్యి మళ్ళీ పంచుకోవడం) ఉచితం కాబట్టి వరసగా రెండుసార్లూ పాడుచేతులు వచ్చే అవకాశం చూడండి: 30తో పది ఆటలకి ఒకటి, 36తో పాతికకి ఒకటి. ఆరు గోబ్లిన్లని తీసేసి ఆరు ల్యాండ్‌లు పెట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

36లో 32 మామూలు మౌంటెన్లు చాలు. మిగతా నాలుగు పనికొచ్చేవి పెట్టండి. హాన్వియర్ బ్యాటిల్‌మెంట్స్ ఒక ఎర్ర మనాకి ఏదైనా క్రీచర్‌కి హేస్ట్ (దిగిన టర్న్‌లోనే పనిచేసే వీలు) ఇస్తుంది. వార్ రూమ్ మూడు మనాకి ఒక కార్డు ఇస్తుంది. మీది ఒకే రంగు డెక్ కాబట్టి ప్రాణంలో ఒక్కటే పోతుంది. క్యాజిల్ ఎంబెరెత్ ఆఖరి దాడి రోజున అందరికీ +1/+0 (దాడి బలం/తట్టుకునే బలం) ఇస్తుంది. డెన్ ఆఫ్ ది బగ్‌బేర్ అవసరమైతే తనే గోబ్లిన్ అయిపోతుంది. ఇంతకు మించి రంగులేని ల్యాండ్‌లు పెట్టకండి. గోబ్లిన్ కార్డుల్లో రెండేసి ఎర్ర మనా అడిగేవి చాలా ఉన్నాయి.

ఇక అసలు విషయం. క్రెంకో పని చక్రవడ్డీ లాంటిది. ట్యాప్ చేస్తే (కార్డుని పక్కకి తిప్పి వాడితే) మీ దగ్గర ఎన్ని గోబ్లిన్లున్నాయో అన్ని కొత్త గోబ్లిన్ టోకెన్లు (డెక్‌లోంచి కాకుండా పుట్టే క్రీచర్లు) పుడతాయి. క్రెంకో కూడా గోబ్లినే కాబట్టి ఒంటరిగా ఉన్నా ఒకటి పుడుతుంది. వడ్డీ వ్యాపారికి తెలిసిన రెండు సంగతులే ఇక్కడా పనిచేస్తాయి: అసలు ఎంత ఉంది, ఎంత ముందు మొదలైంది.

ఒక ఆట చూడండి. నాలుగో టర్న్‌లో బల్ల మీద ఏమీ లేకుండా క్రెంకోని దింపారనుకుందాం. హేస్ట్ లేదు కాబట్టి ఐదో టర్న్‌లో మొదటి ట్యాప్: రెండు గోబ్లిన్లు. ఆరులో నాలుగు. ఏడులో ఎనిమిది. ఇప్పుడు ఇంకో ఆట. రెండో టర్న్‌లో మాగ్ వార్ మార్షల్ వేశారు. తనతోపాటు ఒక టోకెన్ వచ్చింది. మూడో టర్న్ మొదట్లో ఎకో ఖర్చు కట్టమని అడుగుతుంది. కట్టకండి. మార్షల్ చచ్చిపోతూ ఇంకో టోకెన్ ఇచ్చి పోతుంది, మీ మూడు మనా మిగులుతాయి. వాటితో గోబ్లిన్ వార్‌చీఫ్ దిగింది. ఇప్పుడు గోబ్లిన్ స్పెల్‌లకి ఒక మనా తగ్గుతుంది, గోబ్లిన్లందరికీ హేస్ట్ వస్తుంది. నాలుగో టర్న్‌లో క్రెంకోకి మూడే మనా, మిగిలిన ఒక్క మనాకి స్కర్క్ ప్రాస్పెక్టర్. బల్ల మీద మొత్తం ఐదు. వెంటనే ట్యాప్, పది. మొదటి ఆటలో ఏడో టర్న్‌కి ఎనిమిది. రెండోదాంట్లో నాలుగో టర్న్‌కే పది. రెండు డెక్‌లలోనూ గోబ్లిన్లే. తేడా అంతా ఎవరు ముందొచ్చారన్నదే.

కాబట్టి హేస్ట్ అనేది ఈ డెక్‌లో అలంకారం కాదు, ఒక రెట్టింపు. వార్‌చీఫ్, గోబ్లిన్ చీఫ్‌టెన్, ఇందాకటి బ్యాటిల్‌మెంట్స్ కాక లైట్నింగ్ గ్రీవ్స్, స్విఫ్ట్‌ఫుట్ బూట్స్, థౌజండ్-ఇయర్ ఎలిక్సర్, ఫెర్వర్ పెట్టండి. వీటి పక్కన ఇల్యూజనిస్ట్స్ బ్రేసర్స్ కూడా. బ్రేసర్స్ క్రెంకోకి తొడిగితే ట్యాప్ చేసిన ప్రతిసారీ ఆ పనికి ఒక నకలు పుడుతుంది. నకలు ముందు జరుగుతుంది, అసలుది తర్వాత. లెక్క జరిగే క్షణంలో ఎన్ని గోబ్లిన్లున్నాయన్నదే చూస్తారు కాబట్టి ఐదు గోబ్లిన్లు నకలుతో పది అవుతాయి, అసలుదానితో ఇరవై. చాలామంది రెండుసార్లూ ఐదేసి పెట్టుకుని పదిహేనుతో సరిపెట్టుకుంటారు. మీ హక్కు మీరు వదులుకోకండి.

గ్రీవ్స్‌తో ఒక తిరకాసు ఉంది. అది ఇచ్చేది ష్రౌడ్, అంటే క్రెంకోని మీరు కూడా టార్గెట్ చెయ్యలేరు. గ్రీవ్స్ తొడిగాక బ్రేసర్స్ తొడగబోతే కుదరదు, ఎలిక్సర్‌తో అన్‌ట్యాప్ చేద్దామన్నా కుదరదు. ముందు బ్రేసర్స్, ఆ తర్వాత గ్రీవ్స్. మర్చిపోతే గ్రీవ్స్‌ని సున్నా మనాకి పక్క గోబ్లిన్ మీదకి మార్చి మళ్ళీ మొదలుపెట్టండి. బూట్స్‌లో ఉన్నది హెక్స్‌ప్రూఫ్ (ఎదుటివాళ్ళు మాత్రమే టార్గెట్ చెయ్యలేరు), దాంతో ఈ బాధ లేదు.

మనా రాక్‌లు (మనా ఇచ్చే లేదా ఖర్చు తగ్గించే ఆర్టిఫాక్ట్‌లు, అంటే వస్తువుల కార్డులు) ఎనిమిది: సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్, మైండ్ స్టోన్, రూబీ మెడాలియన్, ఫైర్ డైమండ్, ఫెల్వర్ స్టోన్, థాట్ వెసెల్, లిక్విమెటల్ టార్క్. అన్నీ రెండు మనా లోపువే, అది కావాలనే. ఎనిమిదుంటే రెండో టర్న్‌కి వచ్చే తొమ్మిది కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం సగం కన్నా కొంచెం ఎక్కువ. అప్పుడు మూడో టర్న్‌కే క్రెంకో దిగుతాడు. మూడు మనా ఖరీదున్న రాక్‌లు ఈ డెక్‌కి దండగ; మూడో టర్న్‌లో చెయ్యాల్సిన పనులు వేరే ఉన్నాయి. ఇంకోటి, కమాండర్ చచ్చిన ప్రతిసారీ మళ్ళీ దింపడానికి రెండు మనా అదనం. రెండోసారి ఆరు, మూడోసారి ఎనిమిది. క్రెంకోని చూడగానే చంపాలని అందరికీ తెలుసు కాబట్టి ఆ ఎనిమిది మనా అవసరం మీకు వస్తుంది.

ఇప్పుడు గోబ్లిన్లు. 55 నుంచి 32కి దించండి. బాధగానే ఉంటుంది, కానీ దేన్ని తీసెయ్యాలో తేల్చేది ఒకే ప్రశ్న: ఈ కార్డు తనతోపాటు ఇంకో గోబ్లిన్‌ని తెస్తుందా, లేక ఇంకేదైనా పని చేస్తుందా? గోబ్లిన్ పైకర్ రెండు మనాకి 2/1, అంతే. రేజింగ్ గోబ్లిన్ ఒక మనాకి హేస్ట్ ఉన్న 1/1, అంతే. ఇలాంటివన్నీ బయటికి. అదే రెండు మనాకి గోబ్లిన్ ఇన్‌స్టిగేటర్ రెండు శరీరాలిస్తుంది. బీటిల్‌బ్యాక్ చీఫ్ నాలుగు మనాకి మూడు, సీజ్-గ్యాంగ్ కమాండర్ ఐదు మనాకి నాలుగు.

32ని ఇలా పంచుకోవచ్చు. శరీరాలు తెచ్చేవి పది. హేస్ట్, +1/+1 లాంటివి ఇచ్చే పెద్దలు ఐదు. వెతికి తెచ్చేవి ఐదు. చంపేవి ఏడు. మీకు నచ్చినవి ఐదు. ప్రాస్పెక్టర్ అందులో తప్పకుండా ఉండాలి. వెతికేవాటిలో గోబ్లిన్ మేట్రన్, గోబ్లిన్ రింగ్‌లీడర్, మక్సస్ ముఖ్యం. రింగ్‌లీడర్ పైనుంచి నాలుగు కార్డులు చూస్తుంది. 32 గోబ్లిన్లుంటే అందులో సగటున ఒకటి, అదృష్టముంటే రెండు. మక్సస్ ఆరు చూసి దొరికిన గోబ్లిన్లని నేరుగా బల్ల మీదకి దింపుతుంది, సగటున దాదాపు రెండు. గోబ్లిన్లని ఇరవైకి కుదిస్తే ఈ రెండు కార్డులూ పనికిరావు. అందుకే 32 అన్నది. థీమ్‌కి విలువ వచ్చేది ఇక్కడే.

చంపే ఏడింటి గురించి కాస్త ఆగి చెప్పాలి. "అన్నీ గోబ్లిన్లే పెడితే ఎదుటివాళ్ళ కార్డులకి మందేది" అనేదే మీ ఫ్రెండ్స్ వాదన అయి ఉంటుంది. గోబ్లిన్ క్రేటర్‌మేకర్ తనని తాను బలిచ్చుకుని క్రీచర్‌కి రెండు డ్యామేజ్ చేస్తుంది, లేదంటే ఎదుటివాడి సోల్ రింగ్ లాంటి రంగులేని కార్డుని పగలగొడుతుంది. గోబ్లిన్ ట్రాష్‌మాస్టర్ ఒక్కో గోబ్లిన్‌ని బలిచ్చి ఒక్కో ఆర్టిఫాక్ట్‌ని తీసేస్తుంది. గోబ్లిన్ షార్ప్‌షూటర్ చిన్న టోకెన్లని వరసబెట్టి కాలుస్తుంది. గోబ్లిన్ చెయిన్‌విర్లర్ దిగుతూనే ఎదుటివాళ్ళందరికీ, వాళ్ళ క్రీచర్లన్నిటికీ ఒక్కో డ్యామేజ్.

ఇంకా రెండు కార్డులున్నాయి, చాలామంది పట్టించుకోరు: టార్‌ఫైర్, బోగార్ట్ షెనానిగన్స్. ఇవి క్రీచర్లు కావు. మొదటిది రెండు డ్యామేజ్ చేసే ఇన్‌స్టంట్ (ఎవరి టర్న్‌లోనైనా వెయ్యగల స్పెల్), రెండోది మీ గోబ్లిన్ చచ్చినప్పుడల్లా ఒక ఆటగాడికి ఒక డ్యామేజ్ చేసే ఎన్‌చాంట్‌మెంట్ (బల్ల మీద ఉండిపోయే మంత్రం). కానీ వీటి టైప్ లైన్‌లో (కార్డు రకం చెప్పే మధ్య గీతలో) గోబ్లిన్ అని రాసి ఉంటుంది. పాత ముద్రణల్లో ట్రైబల్ అనీ, కొత్త నియమాల్లో కిండ్రెడ్ అనీ పిలిచే రకం ఇది. మేట్రన్ వెతికేది "గోబ్లిన్ కార్డు"ని, "గోబ్లిన్ క్రీచర్"ని కాదు. కాబట్టి మేట్రన్ ఈ రెండిట్నీ వెతికి తెస్తుంది, రింగ్‌లీడర్‌కీ దొరుకుతాయి. మరోవైపు గోబ్లిన్ బాంబార్డ్‌మెంట్ పేరులో గోబ్లిన్ ఉన్నా టైప్ లైన్‌లో లేదు, దాన్ని మేట్రన్ తేలేదు. పేరు చూసి కాదు, మధ్య గీత మీద ఏముందో చూసి లెక్కపెట్టుకోండి.

పెద్దలని ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. +1/+1 ఇచ్చేవి నాలుగుకి మించి వద్దు. కారణం స్కల్‌క్లాంప్. ఈ డెక్‌లో కార్డులు తెచ్చిపెట్టే గొప్ప యంత్రం అదే: తొడిగితే +1/-1, కాబట్టి 1/1 టోకెన్ తొడగ్గానే చస్తుంది, మీకు రెండు కార్డులు. మనాకి రెండు కార్డులు! కానీ బల్ల మీద చీఫ్‌టెన్ ఉంటే టోకెన్ 2/2, క్లాంప్ తొడిగితే 3/1, చావదు. యంత్రం ఆగిపోతుంది. అప్పుడు బలివ్వడానికి వేరే దారి కావాలి: ప్రాస్పెక్టర్, ట్రాష్‌మాస్టర్, బాంబార్డ్‌మెంట్. ఇవేవీ చేతిలో లేకపోతే చీఫ్‌టెన్‌ని ఒక టర్న్ ఆలస్యంగా దింపి, ముందు నాలుగు కార్డులు తెచ్చుకోవడం మేలు.

గోబ్లిన్ రాబుల్‌మాస్టర్ మీ దగ్గరుంటే తీసెయ్యండి. మంచి కార్డే, కానీ మీ మిగతా గోబ్లిన్లందరూ ప్రతి టర్న్ దాడి చేసి తీరాలంటుంది. క్రెంకోకీ అది వర్తిస్తుంది. మీ బంగారు బాతుని మీరే ఎదుటివాడి బ్లాకర్ల ముందుకి తోసినట్టు. దాని బదులు లీజన్ వార్‌బాస్ పెట్టండి. అది ప్రతి టర్న్ ఇచ్చే కొత్త టోకెన్ ఒక్కటే దాడికి వెళ్ళాలి, తక్కినవాళ్ళు మీ ఇష్టం.

ఇక మీ ఏడుపంతా బోర్డ్ వైప్ గురించి. దానికి మందు రెండు చోట్ల ఉంది, ఒకటి డెక్‌లో, ఒకటి మీ ఆటలో.

డెక్‌లో: గోబ్లిన్లతో దాడి చేసి గెలవాలన్న ఆలోచన మార్చుకోండి. అవి పుట్టడంతోనే దెబ్బ తగలాలి. ఇంపాక్ట్ ట్రెమర్స్ రెండు మనా ఎన్‌చాంట్‌మెంట్. మీకు క్రీచర్ వచ్చిన ప్రతిసారీ ప్రతి ప్రత్యర్థికీ ఒక డ్యామేజ్. క్రెంకోతో కలిపి ఐదు గోబ్లిన్లున్నాయనుకోండి. మొదటి ట్యాప్‌కి 5, రెండోదానికి 10, మూడోదానికి 20. మూడు ట్యాప్‌లకి తలా 35, అదీ ముగ్గురికీ. కమాండర్‌లో ప్రాణం 40. పర్ఫరోస్, గాడ్ ఆఫ్ ది ఫోర్జ్ అయితే ఒక్కో క్రీచర్‌కి రెండేసి. అవే మూడు ట్యాప్‌లకి 70. క్రీచర్లని చంపే వైప్ ట్రెమర్స్‌ని ఏమీ చెయ్యలేదు. పర్ఫరోస్ నాశనం కాడు. గోబ్లిన్లు పోయినా అవి చేసిన దెబ్బ పోదు.

వీటికి తోడు బాంబార్డ్‌మెంట్, షేర్డ్ యానిమోసిటీ, థ్రోన్ ఆఫ్ ది గాడ్-ఫారో, కోట్ ఆఫ్ ఆర్మ్స్. మొత్తం ముగింపు కార్డులు ఆరు. యానిమోసిటీ ఉంటే పది టోకెన్లు కలిసి దాడి చేస్తే ఒక్కొక్కటీ 10 కొడుతుంది, మొత్తం 100. కోట్ ఆఫ్ ఆర్మ్స్ మాత్రం బల్ల మీద అందరికీ పనిచేస్తుంది. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా ఎల్ఫ్‌లో జాంబీలో ఆడితే దాన్ని ఇంట్లోనే వదిలెయ్యండి.

ఆటలో: క్రెంకోని మీ టర్న్‌లోనే ట్యాప్ చెయ్యాలని రూల్ లేదు. మీకు ముందు ఆడేవాడి టర్న్ చివరిదాకా ఆగి అప్పుడు ట్యాప్ చెయ్యండి. వెంటనే మీ టర్న్ వస్తుంది, క్రెంకో అన్‌ట్యాప్ అవుతాడు, కొత్త టోకెన్లు అప్పుడే దాడికి సిద్ధం. మీ టర్న్‌లో ట్యాప్ చేస్తే హేస్ట్ లేని టోకెన్లు ఒక చుట్టంతా కూర్చుని ముగ్గురికీ కనిపిస్తుంటాయి. వైప్ దాచుకున్నవాడికి అదే ఆహ్వానం. ఆగినందువల్ల పోయేదేమీ లేదు. మధ్యలో ఎవరైనా క్రెంకోని చంపబోయినా, రాత్ ఆఫ్ గాడ్ లాంటి వైప్ వేసినా, దానికి జవాబుగా అప్పుడే ట్యాప్ చెయ్యండి. ట్రెమర్స్ ఉంటే చస్తూ కూడా కొట్టిపోతారు. బాంబార్డ్‌మెంట్ ఉంటే వైప్ పనిచేసేలోపు ఒక్కో గోబ్లిన్‌నీ ఒక్కో డ్యామేజ్‌గా మార్చుకోండి. ప్రాస్పెక్టర్ ఉంటే మూడు గోబ్లిన్లని మూడు మనా చేసి వలకుట్ అవేకెనింగ్ వేసెయ్యండి, అది ఇన్‌స్టంట్. చేతిలో పనికిరానివన్నీ అడుక్కి తోసి అన్నీ, పైన ఇంకొకటీ తెచ్చుకోవచ్చు.

ఇంకో అలవాటు: క్రెంకో, ఇంకో నాలుగు గోబ్లిన్లు బల్ల మీద ఉంటే ఆపెయ్యండి. చేతిలో మూడు కార్డులు దాచుకోండి. రెట్టింపు చేసే పని క్రెంకో చూసుకుంటాడు. మీరు అదనంగా దింపే ఆరో గోబ్లిన్ లాభం కొంచెమే, వైప్ పడితే నష్టం ఒక నిండు కార్డు.

కార్డులు తెచ్చేవి ఐదు: స్కల్‌క్లాంప్, వాంక్విషర్స్ బ్యానర్, హెరాల్డ్స్ హార్న్, వలకుట్ అవేకెనింగ్, బిగ్ స్కోర్. టోకెన్ స్పెల్‌లు మూడు: హోర్డ్‌లింగ్ ఔట్‌బర్స్ట్, డ్రాగన్ ఫాడర్, క్రెంకోస్ కమాండ్. గోబ్లిన్ల వల్ల కాని పనులకి నాలుగు: కేయాస్ వార్ప్, వాండల్‌బ్లాస్ట్, అబ్రేడ్, బ్లాస్ఫిమస్ యాక్ట్. హేస్ట్ వైపువి, బ్రేసర్స్‌తో కలిపి ఐదు. కూడితే 36, 8, 32, 5, 5, 3, 6, 4, మొత్తం 99. బ్లాస్ఫిమస్ యాక్ట్ మీ గోబ్లిన్లనీ చంపుతుంది, వెనకబడ్డప్పుడే వాడండి.

థీమ్ తగ్గిపోయిందని బెంగపడేవారికి ఒక మాట. ఇష్టమైన ఐదు స్థానాల్లో మాన్స్‌స్ గోబ్లిన్ రైడర్స్ పెట్టుకోండి. 1993లో ఆట మొదటి సెట్‌లో వచ్చిన 1/1, ఏ శక్తీ లేదు, పై లెక్క ప్రకారం బయట ఉండాల్సిందే. కానీ ఆ మాన్స్‌నే 2019లో పషాలిక్ మాన్స్ పేరుతో లెజెండరీ కార్డుగా తెచ్చారు. గోబ్లిన్ చచ్చినప్పుడల్లా ఎక్కడైనా ఒక డ్యామేజ్ చేసే మంచి కార్డు. నాయకుడూ, అతని మూకా ఒకే బల్ల మీద ఉంటే అది థీమ్. అలాగే క్రెంకో, టిన్ స్ట్రీట్ కింగ్‌పిన్ కూడా పెట్టొచ్చు. పేర్లు వేరు కాబట్టి ఇద్దరు క్రెంకోలూ ఒకేసారి బల్ల మీద ఉండొచ్చు. వోర్ట్, బోగార్ట్ ఆంటీ లాంటి నల్ల గుర్తున్న గోబ్లిన్లు మాత్రం ఈ డెక్‌లోకి రావు, క్రెంకో రంగు ఎరుపొక్కటే.

కొనడంలో: గోబ్లిన్ల కోసం బూస్టర్ ప్యాక్‌లు చించకండి, కావలసిన కార్డులు విడిగా కొనుక్కోండి. ముందు ల్యాండ్‌లు, మనా రాక్‌లు, ట్రెమర్స్, స్కల్‌క్లాంప్, బూట్స్. ఇవి చేరగానే డెక్ నడక మారిపోతుంది. పర్ఫరోస్, మక్సస్ తర్వాత నిదానంగా. ఒకేసారి పాతిక కార్డులు మార్చకండి. ఐదేసి మార్చి, ఒంటరిగా కూర్చుని పది చేతులు పంచుకుని ఆడి చూడండి. ప్రతిసారీ రెండే రాసుకోండి: క్రెంకో ఏ టర్న్‌లో దిగాడు, మొదటి ట్యాప్ ఏ టర్న్‌లో పడింది. పదిలో ఆరుసార్లన్నా మొదటి ట్యాప్ ఐదో టర్న్ లోపు పడకపోతే హేస్ట్ కార్డులో మనా రాకో ఇంకొకటి పెంచండి, నచ్చిన ఐదింటిలోంచి ఒకటి తీసి.

దాచుకోవడం. కార్డు 63 × 88 మిల్లీమీటర్లు, స్టాండర్డ్ సైజు స్లీవ్‌లు సరిపోతాయి. వలకుట్ అవేకెనింగ్ రెండు వైపులా ముద్రించిన కార్డు కాబట్టి వెనక భాగం కనబడని స్లీవ్‌లే కావాలి. వందకి పైన పది ఎక్కువ ఉంచుకోండి. చిరిగిన ఒక్కదాని స్థానంలో కొత్త ప్యాక్‌లోది పెడితే ఆ కార్డు దూరం నుంచే గుర్తుపట్టేలా ఉంటుంది. మీది సముద్రపు ఊరు. ఫాయిల్ కార్డుల్లో కాగితం తేమ పీల్చుకుంటుంది, రేకు పీల్చుకోదు, అందుకే వంకర తిరుగుతాయి. వంకర తిరిగిన క్రెంకో పక్కన పెట్టే కార్డే కాబట్టి పర్వాలేదు, కానీ 99లో ఫాయిల్ ఉంటే అది కూడా దూరం నుంచే గుర్తుపట్టే కార్డైపోతుంది. మామూలువే వాడండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యండి.

టోకెన్లకి పది గోబ్లిన్ టోకెన్ కార్డులు, నాలుగు డైస్ చాలు. రెండు కుప్పలు పెట్టండి: పాతవి, ఈ టర్న్‌లో పుట్టినవి. ఒక్కో కుప్ప మీద డైస్‌తో సంఖ్య. ఒకే కుప్ప పెడితే ఏవి దాడి చెయ్యొచ్చో ఏవి చెయ్యకూడదో మీకే తెలీదు, గొడవలు అక్కడే మొదలవుతాయి.

థార్న్‌బైట్ స్టాఫ్ సంగతి. క్రీచర్ చచ్చినప్పుడల్లా తొడిగినవాణ్ణి అన్‌ట్యాప్ చేస్తుంది. క్రెంకోకి తొడిగి బాంబార్డ్‌మెంట్ పక్కనుంటే, ఒక గోబ్లిన్‌ని బలివ్వడం, క్రెంకో అన్‌ట్యాప్, మళ్ళీ ట్యాప్. హేస్ట్ ఉంటే ఆ టర్న్‌లోనే ఆట ముగుస్తుంది. లెక్కకి మూడు కార్డులు గానీ క్రెంకో ఎప్పుడూ చేతికి అందేవాడే కాబట్టి నిజానికి రెండే దొరకాలి. డెక్‌ల బలాన్ని బట్టి మెట్లు కట్టే, 2025లో వచ్చిన బ్రాకెట్ పద్ధతిలో మొదటి రెండు మెట్లలో రెండు కార్డుల అంతులేని కాంబోలు ఉండకూడదు. అక్షరాలా చూస్తే ఇది మూడు కార్డులదే, అయినా మీ ఆదివారం బల్లకి ఇది సరిపోదు. పెట్టకండి. ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే, కార్డులు కలపకముందే ముగ్గురికీ చెప్పి పెట్టండి.